తల్లి పీల్చే గాలి

తెలుగునాట గర్భవతిని ‘ఒట్టి మనిషి కాదు’ అంటారు. ‘రెండు ప్రాణాల మనిషి’ అని కూడా అంటారు. ఈ పలుకుబళ్ళలో తరతరాల లోకానుభవం ఇమిడి ఉంది. ఆమె తినే అన్నం ఇద్దరికి. ఆమె పొందే విశ్రాంతి ఇద్దరికి. అందువల్లనే వేవిళ్ళు మొదలైన నాటి నుండి పురుడు వచ్చే వరకు ఇంటి పెద్దలు ఆమె ఆహారవిహారాలను కంటికి రెప్పవలె కనిపెట్టి ఉంటారు. పుట్టింటివారు చలిమిడి తెచ్చి పెడతారు. ముత్తైదువలు చేరి సీమంతం జరుపుతారు. బరువులు ఎత్తనీయరు, కోరినది వండి పెడతారు. ఇంత శ్రద్ధ చూపే సమాజం ఒక్క విషయాన్ని మాత్రం చాలాకాలం గమనించలేదు. ఆమె పీల్చే గాలి కూడా ఇద్దరిదే. అన్నం రోజుకు రెండు మూడు పూటలు, గాలి అనుక్షణం.

ప్రాచీన భారతీయ వైద్యులు ఆహారాన్ని గురించి, గాలిని గురించి వేరువేరు సందర్భాలలో చర్చించారు. చరకసంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయంలో గర్భిణి ఏ నెలలో ఏ ఆహారం తీసుకోవాలో వివరణ ఉంది. అదే గ్రంథంలోని విమానస్థానం మూడవ అధ్యాయం, జనపదాలకు జనపదాలే రోగాల పాలై నశించడానికి గల కారణాలను విచారిస్తుంది. మనుషుల ఆహారం, శరీరతత్త్వం, వయస్సు వేరువేరుగా ఉన్నా గాలి, నీరు, నేల, కాలం అనే నాలుగూ అందరికీ సమానమైనవనీ, అవి చెడితే అందరికీ ఒకేసారి చేటు కలుగుతుందనీ అక్కడి సిద్ధాంతం. చెడిన గాలి లక్షణాలలో పొగను, దుమ్మును, ఇసుకను కూడా ఆ గ్రంథం పేర్కొన్నది. ఆహారాన్ని ఎవరికి వారు ఎంచుకోవచ్చు. గాలిని ఎంచుకోవడం ఏ ఒక్కరికీ సాధ్యం కాదు. గర్భిణి ఆరోగ్యాన్ని గురించి ఆలోచించేటప్పుడు ఈ భేదాన్ని గుర్తుంచుకోవడం అత్యవసరం.

గర్భధారణతో స్త్రీ శరీరంలో కలిగే మార్పులలో శ్వాసక్రియ పెరగడం ఒకటి. నెలలు నిండేసరికి ఆమె నిమిషానికి పీల్చే గాలి పరిమాణం మామూలు స్థితికంటే 30 నుండి 50 శాతం వరకు అధికమవుతుంది. బిడ్డకు కావలసిన ప్రాణవాయువును సమకూర్చడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. గాలి శుభ్రంగా ఉన్నచోట ఇది వరం. గాలి చెడినచోట ఆ ఏర్పాటు వల్లనే ఎక్కువ విషం లోపలికి చేరుతుంది.

ఆ విషాలలో ముఖ్యమైనవి సూక్ష్మ ధూళికణాలు. 2.5 మైక్రాన్లు, అంతకంటే తక్కువ వ్యాసం గల కణాలను శాస్త్రజ్ఞులు ‘పి.ఎం. 2.5’ అని వ్యవహరిస్తారు. తలవెంట్రుక మందంలో ఇవి ఇంచుమించు ముప్పయ్యవ వంతు. కట్టెలు, పిడకలు, బొగ్గు, డీజిల్, చెత్త, కోత తరువాత పొలంలో మిగిలిన గడ్డి - ఏది కాలినా ఇవి పుడతాయి. ముక్కులోని రోమాలు, గొంతులోని తడి పెద్ద ధూళిని ఆపగలవే గాని వీటిని ఆపలేవు. ఇవి ఊపిరితిత్తులలోని గాలిగదుల వరకు పోతాయి. వీటిలో అతి సూక్ష్మమైనవి అక్కడి నుండి రక్తంలో కలుస్తాయి.

తల్లి రక్తానికీ బిడ్డ రక్తానికీ నడుమ మాయ ఉంటుంది. బిడ్డకు ఆహారాన్ని, ప్రాణవాయువును అందిస్తూ, అనేక హానికర పదార్థాలను అడ్డగించే అవయవమిది. పొగలోని మసి ఈ అడ్డును దాటుతుందా అన్న ప్రశ్నకు చాలాకాలం ప్రత్యక్ష నిదర్శనం దొరకలేదు. 2019లో బెల్జియం దేశంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కాన్పు తరువాత సేకరించిన మాయలను పరీక్షించి, బిడ్డవైపు పొరలలో సైతం మసికణాలు ఉన్నట్లు చూపారు. ఎక్కువ కాలుష్యంలో నివసించిన తల్లుల మాయలో ఘన మిల్లీమీటరుకు సగటున సుమారు 20,900 కణాలు, తక్కువ కాలుష్యంలో నివసించిన తల్లుల మాయలో సుమారు 9,500 కణాలు కనిపించాయి. 2022లో ఆ విశ్వవిద్యాలయంవారు, స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయంవారు కలిసి ప్రకటించిన పరిశోధన ప్రకారం గర్భస్థ పిండం కాలేయంలోను, ఊపిరితిత్తులలోను, మెదడులోను కూడా ఆ కణాలు ఉన్నాయి. తొలి ఊపిరి తీయకముందే బిడ్డకు పొగ సోకుతున్నదన్నమాట.

మసితో పాటు పొగలో కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఉంటుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ముడిపడుతుంది. అంత మేరకు రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. తల్లి రక్తం కంటే గర్భస్థ శిశువు రక్తం ఈ వాయువును మెల్లగా విడిచిపెడుతుంది. తల్లి వంటింటి నుండి బయటికి వచ్చి తేరుకున్నా బిడ్డ తేరుకోవడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

ఈ విధంగా మాయకు రక్తప్రసరణ తగ్గినా, అందే రక్తంలో ప్రాణవాయువు కొరవడినా బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది. 2,500 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టడం, 37 వారాలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ కడుపులోనే మరణించడం అనే మూడు అనర్థాలకూ వాయు కాలుష్యంతో సంబంధం ఉన్నట్లు అనేక దేశాల పరిశోధనలు తెలుపుతున్నాయి. తల్లికి కలిగే కీడు కూడా స్వల్పం కాదు. గర్భకాలంలో రక్తపోటు పెరిగి, మూత్రంలో మాంసకృత్తులు పోయే ప్రీఎక్లాంప్సియా అనే వ్యాధికీ, గర్భకాల మధుమేహానికీ కాలుష్యం దోహదం చేస్తుందని వైద్యులు భావిస్తున్నారు. ప్రీఎక్లాంప్సియా ముదిరి మూర్ఛలు రావడాన్నే పల్లెలలో గుర్రపువాతం అంటారు. ఈ అనర్థాలకు కాలుష్యం ఒక్కటే కారణం కాదు. రక్తహీనత, పోషకాహార లోపం, చిన్న వయస్సులో పెళ్ళి కూడా కారణాలే. పేద ఇంటి గర్భిణి విషయంలో తరచుగా ఇవన్నీ ఒకేచోట చేరుతాయి.

తక్కువ బరువు పుట్టిననాటితో తీరిపోయే లోపం కాదు. బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ బార్కర్, ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ ప్రాంతపు పాత జనన వివరాలను పరిశీలించి, తక్కువ బరువుతో పుట్టినవారు పెద్దవయస్సులో గుండెజబ్బులకు ఎక్కువగా గురవుతున్నారని 1989లో ప్రకటించాడు. గర్భంలోని తొమ్మిది నెలలు అరవై ఏండ్ల ఆరోగ్యాన్ని ప్రభావితం చేస్తాయన్న ఆలోచన నాటి నుండి బలపడింది.

ఈ సందర్భంలో గ్రహణాన్ని గురించిన నమ్మకాన్ని ప్రస్తావించడం అవసరం. గ్రహణ సమయంలో గర్భిణిని గడప దాటనీయరు. చూస్తే బిడ్డకు పెదవి చీలుతుందని భయపడతారు. ఆ లోపానికి తెలుగులో ‘గ్రహణం మొర్రి’ అనే పేరు ఏర్పడింది. గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదు. కాని గర్భం తొలి దశలో తల్లి పొగ తాగడం మొర్రికి ఒక కారణమని అమెరికా సర్జన్ జనరల్ 2014లో వెలువరించిన నివేదిక స్పష్టం చేసింది. బిడ్డ మేలు కోరే పెద్దల మనస్సు ఎన్నడూ తప్పు కాదు. అయితే ఎప్పుడో కొన్ని గంటలపాటు వచ్చే నీడకు తలుపులు మూసిన ఇంట్లోనే, తొమ్మిది నెలలపాటు రోజూ పొయ్యి పొగ కమ్ముకుంటున్నది. జాగ్రత్త ఉన్నది, అది చేరవలసిన చోటికి చేరలేదు.

వంటింటి పొగను మొదట కొలిచి చూపినవారిలో అమెరికా శాస్త్రజ్ఞుడు కిర్క్ స్మిత్ ముఖ్యుడు. ఆయన బృందం గుజరాత్‌లోని నాలుగు గ్రామాలలో వంట చేసే స్త్రీలు పీల్చే గాలిని పరీక్షించింది. వంట సమయంలో ఆ గాలిలో ఘనపు మీటరుకు సగటున 7 మిల్లీగ్రాముల వరకు ధూళి ఉన్నదని 1983లో ప్రకటించింది. కాలుష్యమంటే నగరాలదే అనుకునే రోజులవి. పల్లెటూరి వంటిల్లు కర్మాగారం కంటే తీసిపోదని ఆ లెక్క చాటింది.

ఆ తరువాత ప్రభుత్వాలు కొన్ని చర్యలు చేపట్టాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ‘దీపం’ పథకం కింద పేద మహిళలకు వంటగ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో దేశవ్యాప్తంగా ఉజ్జ్వల యోజన ప్రారంభమై 10 కోట్లకు పైగా కనెక్షన్లు అందించింది. అయినప్పటికీ 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వంటకు శుభ్రమైన ఇంధనం వాడే కుటుంబాలు 58.6 శాతమే. సిలిండరు నింపించే స్తోమత లేక అనేక ఇండ్లలో గ్యాసు పొయ్యి ఒక పక్క, కట్టెల పొయ్యి ఒక పక్క ఉంటాయి. కూర గ్యాసు మీద ఉడికినా స్నానానికి నీళ్ళు కట్టెల మీదనే కాగుతాయి.

పొయ్యి మార్చినంత మాత్రాన బిడ్డ బరువు పెరుగుతుందా? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ భారతదేశం, గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాలలో 3,200 మంది గర్భిణులతో ‘హాపిన్’ అనే పెద్ద పరిశోధన జరిగింది. భారతదేశంలో దీనికి తమిళనాడు కేంద్రం. సగం మందికి గర్భం ధరించిన 9 నుండి 20 వారాల మధ్య గ్యాసు పొయ్యి, ఉచితంగా గ్యాసు ఇచ్చారు. కట్టెల పొయ్యి వాడినవారు పీల్చే సూక్ష్మ ధూళి ఘనపు మీటరుకు సుమారు 71 మైక్రోగ్రాములు ఉండగా, వీరి విషయంలో అది 24 మైక్రోగ్రాములకు తగ్గింది. కాని 2022లో ప్రకటించిన ఫలితాలలో, ఈ బిడ్డల బరువుకూ కట్టెల పొయ్యి వాడినవారి బిడ్డల బరువుకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

పైకి నిరాశ కలిగించే ఈ ఫలితం నేర్పే పాఠం విలువైనది. మాయ ఏర్పడే తొలి వారాలు గడిచిన తరువాత పొయ్యి వచ్చింది. తగ్గిన ధూళి కూడా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన 5 మైక్రోగ్రాముల వార్షిక పరిమితికి దాదాపు అయిదు రెట్లు. కనుక గర్భం నిలిచాక మొదలయ్యే జాగ్రత్త ఆలస్యమైన జాగ్రత్త కావచ్చు. ఒక ఇంటి పొయ్యికే పరిమితమైన జాగ్రత్త చాలకపోవచ్చు. తమిళనాడులోనే 1,285 మంది గర్భిణులపై జరిపి 2018లో ప్రకటించిన మరొక పరిశోధనలో, పీల్చే సూక్ష్మ ధూళి 10 మైక్రోగ్రాములు పెరిగినప్పుడల్లా బిడ్డ బరువు సగటున 4 గ్రాములు తగ్గినట్లు తేలింది.

ఊరి గాలి అంతా మారినప్పుడు ఏమి జరుగుతుందో చైనా రాజధాని బీజింగ్ చూపింది. 2008 ఒలింపిక్ క్రీడల కోసం అక్కడి ప్రభుత్వం కొన్ని వారాలపాటు కర్మాగారాలను, వాహనాలను కట్టడి చేసింది. ఆ కాలంలో ఎనిమిదవ నెల గడిచిన తల్లులకు పుట్టిన బిడ్డలు, 2007, 2009 సంవత్సరాలలో అదే కాలానికి చెందిన బిడ్డల కంటే సగటున 23 గ్రాములు అధికంగా తూగారు. ఆ తల్లులు ప్రత్యేకంగా చేసినదేమీ లేదు. చుట్టూ ఉన్న గాలి మారింది, అంతే.

భారతదేశంలో 2009 నాటి ప్రమాణాల ప్రకారం పి.ఎం. 2.5 వార్షిక పరిమితి 40 మైక్రోగ్రాములు. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాదు, విశాఖపట్టణం, విజయవాడ వంటి నగరాలు చేరాయి. ఇటుక బట్టీలలో మట్టి మోసే గర్భిణులకు, తెల్లవారుజామున వీధులూడ్చే గర్భిణులకు, పొలం గట్టున గడ్డి తగలబెడుతుంటే పని మానలేని కూలి తల్లులకు ఈ ప్రమాణాల ఫలం అందినప్పుడే అవి సార్థకమవుతాయి.

ఇంటివారు చేయదగినవి కూడా ఉన్నాయి. కట్టెల పొయ్యి తప్పని ఇంట్లో గర్భిణిని పొయ్యి దగ్గర నుండి తప్పించి ఆ పని మరొకరు అందుకోవాలి. వంటింటికి కిటికీ, పొగగొట్టం ఉండాలి. నీళ్ళపొయ్యి ఆరుబయట ఉండాలి. దోమల కాయిల్ బదులు దోమతెర కట్టాలి. ఒక్క కాయిల్ కాలితే 75 నుండి 137 సిగరెట్లతో సమానమైన సూక్ష్మ ధూళి వెలువడుతుందని 2003 నాటి పరిశోధన ఒకటి తెలిపింది. చుట్ట, బీడీ, సిగరెట్ ఇంట కాల్చరాదు. కాన్పు తరువాత పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేసే అలవాటును మానాలి. ప్రతి నెలా రక్తపోటు చూపించుకోవాలి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాయడం, ఆయాసం, బిడ్డ కదలిక తగ్గడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవాలి.

బిడ్డ బరువు తక్కువైతే ‘సరిగా తినలేదు’ అని తల్లిని నిందించడం లోకంలో పరిపాటి. ఆమె ఏమి తిన్నదో ఆమెకు తెలుసు. ఏమి పీల్చిందో ఆమెకు తెలియదు. తెలిసినా తప్పించుకునే వీలు లేదు. ఆ గాలిని అలా చేసినవారిలో ఇంటివారూ ఉన్నారు, ఊరివారూ ఉన్నారు, పాలకులూ ఉన్నారు. రెండు ప్రాణాల మనిషిని కాపాడే బాధ్యతలో వీరందరికీ పాలు ఉన్నది.