సముద్రములోని విత్తనపు కుండ

ఎంత కరవు వచ్చినను తెలివిగల ఇల్లాలు విత్తనపు కుండ మూత తీయదు. ఒకపూట పస్తుండునే గాని, రాబోవు ఏటి పంటను దంచి వండదు. ఈ నీతిని సముద్రమునందు ఆచరించి బాగుపడిన యొక పల్లె వృత్తాంతము వినుడు.

ఫిలిప్పైను దేశమున, నీగ్రోసు ద్వీపపు ఆగ్నేయపు కొనకు చేరువగా అపో యను చిన్న దీవి కలదు. దాని చుట్టును పగడపు దిబ్బలున్నవి. పగడపు దిబ్బ చూచుటకు రాయి వలె నుండును గాని, అది మిక్కిలి చిన్న ప్రాణులు తరతరములుగా కట్టుకొన్న యిల్లు. చేపపిల్లలకు అదియే ఆశ్రయము. మందుగుండు పేల్చియు, విషము కలిపియు చేపలు పట్టుటచే ఆ దిబ్బలు చెడిపోయెను. వేటకు పోయిన పడవలు నానాటికి తక్కువ చేపలతో తిరిగి రాసాగెను.

సిల్లిమన్ విశ్వవిద్యాలయపు జీవశాస్త్రజ్ఞులగు ఏంజెల్ అల్కాలాగారు దీవివారితో ఓపికగా మాటలాడిరి. సుమిలోను దీవి యొద్ద 1974లోనే కొంతమేర వేట మాన్పించి, దాని ఫలమును వారు కన్నులార చూచియుండిరి. మొదట అపోలో పలువురు నమ్మలేదు. 1982లో 14 కుటుంబములవారు మాత్రము ధైర్యము చేసి, తీరమున 450 మీటర్ల మేర వేట మాని, వంతులవారీగా కావలి కాచిరి. చేపలు పెరుగుట చూచి, 1985 నాటికి తక్కినవారును సమ్మతించిరి. అచట పెరిగిన చేపలు వెలుపలి నీటికిని వచ్చి వలలలో పడసాగెను.

పిమ్మట వీపున గాలిసీసా కట్టుకొని నీట మునిగి పగడపు వనములను చూచు యాత్రికులు రాసాగిరి. వారు రుసుము చెల్లింతురు. స్త్రీలు వారికి వస్త్రములమ్మి, బసలలో పనిచేసి నాలుగు డబ్బులు గడించుచున్నారు. ఈ రాబడితో ఎందఱో బిడ్డలు దీవి దాటి పైచదువులకు పోయిరి.

అయినను చిక్కులు లేకపోలేదు. 1994లో ఆ దీవి జాతీయ రక్షిత ప్రాంతమైనది. రుసుములో నూటికి 75 వంతులు దీవికే చెందవలెనని నియమమున్నను, సొమ్ము ఆలస్యముగా చేరుచున్నదనియు, పెత్తనము తమ చేయి దాటిపోయినదనియు దీవివారు వాపోయిరి. 2011, 2012 సంవత్సరముల తుపానులు కావలి కాచిన చోటనే పగడములను పాడుచేసెను. మునుగువారి కాలి తాకిడికే విరిగిన కొమ్మ మరల పెరుగుటకు ఏండ్లు పట్టును. అందుచే వారికిని కట్టుబాట్లు తప్పవు.

మన అండమానులందును, లక్షద్వీపములందును ఇట్టి వినోదము కలదు. మన పిల్లలు పోదుమన్నచో వలదన నక్కఱలేదు. పగడమును తాకరాదనియు, తామిచ్చు రుసుములో అచటి జాలరి యింటికి ముట్టునది యెంతయో అడుగవలెననియు చెప్పి పంపుడు. కుండలో గింజలు దాచిన యిల్లాలికి పంటలో పాలు దక్కవలదా?