వివాహమును అమ్ముకున్న వీరుడు



మీ పిల్లల పుస్తకాల సంచి మీద, చొక్కా మీద, నీళ్ల సీసా మీద ఎరుపు నీలం దుస్తులు వేసుకుని గోడలు ప్రాకే ఒక ముసుగు మనిషి బొమ్మను మీరు చూసే ఉంటారు. అతని పేరు స్పైడర్‌మ్యాన్. తెలుగులోకి డబ్బింగ్ అయిన సినిమాల వలన పల్లెటూళ్లలో కూడా అతనిని ఎరుగని పిల్లలు తక్కువ. అయితే అతను పుట్టింది సినిమాలో కాదు. ఒకప్పటి మన చందమామ వలె నెలనెలా వెలువడే అమెరికా బొమ్మల కథల పుస్తకాలలో పుట్టాడు. వాటిని కామిక్స్ అంటారు. ఆ పుస్తకాల అభిమానులు 2007 నుండి ఒక వివాహమును గూర్చి వాదించుకుంటున్నారు. అది మన కుటుంబాలు కూడా వినదగిన వాదన గనుక ఈ నెల మీ ముందుంచుతున్నాను.

రచయితలు మారినా మారని మనిషి

1962లో స్టాన్ లీ అనే రచయిత, స్టీవ్ డిట్కో అనే చిత్రకారుడు ఈ పాత్రను సృష్టించారు. పీటర్ పార్కర్ తల్లిదండ్రులు లేని పిల్లవాడు. పెదనాన్న బెన్, పెద్దమ్మ మే అతనిని పెంచారు. ఒక సాలెపురుగు కుట్టి అతనికి వింత శక్తి వచ్చింది. ఆ గర్వములో ఉండగా, ఎదుట పారిపోతున్న దొంగను పట్టుకోగలిగి కూడా నాకెందుకులే అని విడిచిపెట్టాడు. ఆ దొంగే తరువాత అతని పెదనాన్నను చంపాడు. శక్తి కలిగినవాడు దానికి లెక్క చెప్పవలెనని పీటర్ ఆనాడు నేర్చుకున్నాడు. ఎవనికి ఎక్కువగా ఇయ్యబడెనో వానియొద్ద ఎక్కువగా అడుగుదురని మన ప్రభువు కూడా బోధించెను గదా (లూకా 12:48).

అరవై సంవత్సరములకు మించి సాగే కథను ఒక్క మనిషి వ్రాయలేడు. రచయితలు వస్తుంటారు, పోతుంటారు. వీరుడు మాత్రం అతడే. మన సంఘానికి క్రొత్త కాపరి వస్తే మొదటి నెల పెద్దలు అతని ప్రసంగాన్ని ఎంత జాగ్రత్తగా వింటారో, ఆ అభిమానులు క్రొత్త రచయితను అంత జాగ్రత్తగా చదువుతారు. క్రొత్త సంగతులు చెప్పవచ్చు, కష్టాలు తేవచ్చు. కాని "ఇతడు మన పీటరేనా?" అని మాత్రం అడిగి తీరుతారు.

1973లో జెర్రీ కాన్వే అనే ఇరవై ఏళ్ల రచయిత, పీటర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీ చనిపోయినట్లు వ్రాసినప్పుడు పాఠకులు మండిపడ్డారు. అయినా కాలక్రమేణ ఆ కథను అనేకులు అంగీకరించారు. దుఃఖము వచ్చింది గాని పీటర్ పీటర్‌గానే ఉన్నాడు. తరువాత 1987లో మేరీ జేన్‌తో అతని పెండ్లి జరిగింది. పుస్తకంలోనే కాదు, న్యూయార్క్‌లోని షే స్టేడియంలో వేషధారులతో ఆ పెండ్లిని ప్రజల ఎదుట జరిపించారు. పెండ్లి చేయించే పెద్ద స్థానంలో స్టాన్ లీ నిలబడ్డాడు.

అర్ధరాత్రి బేరము

2001 నుండి జె. మైఖేల్ స్ట్రజిన్‌స్కీ ఈ కథను వ్రాశాడు. 2006లో వచ్చిన కథలో పీటర్ తన ముసుగు తీసి లోకానికి ముఖము చూపించాడు. దానితో శత్రువులకు ఇల్లు తెలిసిపోయింది. అతనికి గురిపెట్టిన తుపాకి గుండు పెద్దమ్మ మేకు తగిలింది. ఏ వైద్యుడూ ఆమెను బ్రతికించలేకపోయాడు.

అప్పుడు మెఫిస్టో అనే దయ్యము భార్యాభర్తల యొద్దకు వస్తుంది. పెద్దమ్మను బ్రతికిస్తానంటుంది. మీ ఆత్మలు నాకు వద్దు, మీ వివాహమును నాకు ఇయ్యండి అంటుంది. గడువు అర్ధరాత్రి. ఇద్దరూ ఏడ్చి, ఒప్పుకుంటారు. తెల్లవారేసరికి ఆ వివాహము ఎవరి జ్ఞాపకములోను లేదు, వారి జ్ఞాపకములో కూడా లేదు. అంతకు ముందు పీటర్‌కు ఎర్రని జుట్టు గల ఒక చిన్నపిల్ల కనబడుతుంది. ఈ బేరము వలన ఎన్నటికీ పుట్టబోని వారి కూతురు ఆమె!

2007 చివర ముగిసిన ఈ కథ వెనుక ఉన్నది సంపాదకుల నిర్ణయము. వివాహితుడైతే వీరుని కథలు ఇరుకైపోతాయని, పాత్ర వయసు మళ్లినట్లు కనబడుతుందని ప్రధాన సంపాదకుడు జో కెసాడా అభిప్రాయము. విడాకులు ఇప్పిస్తే ఇంకా పెద్దవానిలా కనబడతాడు గనుక, అసలు వివాహమే జరుగనట్లు చేశారు. ఆ పద్ధతి స్ట్రజిన్‌స్కీకి నచ్చలేదు. చివరి రెండు భాగముల మీద తన పేరు తీసివేయవలెనని కోరుకున్నట్లు అతడే బహిరంగంగా చెప్పాడు. తరువాత 2008లో క్రొత్త రచయితల బృందము ఒంటరి పీటర్‌తో కథ నడిపించింది.

పాఠకులు ఏమన్నారు?

పడుచువాడైన పీటర్ మళ్లీ దొరికాడని, సరదా కథలు తిరిగి వచ్చాయని కొందరు సంతోషించారు. అది కేవలము కథే గదా అన్నవారు మరికొందరు. కాని అనేకుల మనస్సు విరిగింది. బాధ్యత నేర్చుకొని వీరుడైనవాడు తన క్రియల ఫలితమును మోయకుండా దయ్యముతో బేరమాడి తప్పించుకోవచ్చునా అని వారు అడిగారు. నిండు జీవితము గడిపిన ఆ పెద్దమ్మనే అడిగితే, "నా కొరకు మీ కాపురము పోగొట్టుకోవద్దు నాయనా" అని ఉండేది గదా అన్నారు.

2009లో మరొక సంగతి జరిగింది. స్టాన్ లీ పేరుతో 1977 నుండి వార్తాపత్రికలలో వస్తున్న స్పైడర్‌మ్యాన్ కథలో కూడా జనవరి నెలలో పీటర్‌ను పెండ్లికాని విద్యార్థిగా మార్చారు. పాఠకులు ఒప్పుకోలేదు. మే నెలలో అదంతా ఒక కల అని చెప్పి, అతనిని మరల భార్య యొద్దకు చేర్చవలసి వచ్చింది.

2024 జనవరిలో జోనథన్ హిక్‌మన్ అనే రచయిత, మార్కో చెకెట్టో అనే చిత్రకారుడు వేరొక లోకములో జరిగినట్లుగా క్రొత్త స్పైడర్‌మ్యాన్ కథ మొదలుపెట్టారు. ఇందులో పీటర్ కుర్రవాడు కాడు. మేరీ జేన్ భర్త, ఇద్దరు బిడ్డల తండ్రి. కుమారుడు రిచర్డ్, కుమార్తె మే. సంసారములో స్థిరపడిన తరువాతనే అతనికి శక్తి వస్తుంది. మొదటి సంచికను మరల మరల ముద్రించవలసి వచ్చింది. భార్యాబిడ్డలు ఉంటే వీరుని కథ ఇరుకైపోతుందన్న మాట ఏమైనట్లు? ఇన్నాళ్లకు మాకు కావలసిన పీటర్ వచ్చాడని అభిమానులు చెప్పుకున్నారు.

మన ఇండ్లలో జరిగే బేరము

ప్రియులారా, ఆ కథలోని బేరములో మనము గమనించవలసినది ఒకటి ఉంది. పీటర్ తన వివాహమును చెడ్డపని కొరకు ఇయ్యలేదు, మంచిపని కొరకు ఇచ్చాడు. తల్లివంటి పెద్దమ్మ ప్రాణము కొరకు ఇచ్చాడు. అందుకే ఆ బేరము భయంకరమైనది. పాపము కొరకు కాపురము పాడుచేసుకున్నవానిని ఊరంతా మందలిస్తుంది. మంచి పేరుతో పాడుచేసుకున్నవానిని ఎవరు మందలిస్తారు?

అమ్మ మాట నిలబెట్టాలని భార్య మాట ఒక్కటీ వినని కుమారులు మన మధ్య ఉన్నారు. చెల్లెలి పెండ్లి అప్పు తీర్చుటకు గల్ఫ్ వెళ్లి, అప్పు తీరినా తిరిగి రాకుండా ఇల్లు కట్టాలి, పొలము కొనాలి అని ఏండ్లు గడిపేవారు ఉన్నారు. కూటములకు ఊరూరు తిరుగుతూ ఇంట్లో జబ్బుపడిన భార్యను పలకరించుటకు తీరిక లేని సేవకులు కూడా ఉన్నారు. తల్లిని చూడవలసినదే, అప్పు తీర్చవలసినదే, సేవ చేయవలసినదే. కాని వీటిలో దేనికీ వివాహమును వెలగా చెల్లించుమని దేవుడు అడుగలేదు. దేవునికి అర్పితమని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసినది మానుకున్నవారిని ప్రభువు గద్దించెను (మార్కు 7:9-13). ఒక మంచి పేరు చెప్పి మరొక బాధ్యతను కొట్టివేయుట ఆయనకు ఇష్టము లేదు. నీకును నీ యౌవనకాలపు భార్యకును మధ్య తానే సాక్షిగా ఉన్నానని మలాకీ ద్వారా దేవుడు తెలియజేసెను (మలాకీ 2:14). కథలోని దయ్యము అందరి జ్ఞాపకమును చెరిపివేయగలిగింది. ఈ సాక్షి జ్ఞాపకమును ఎవరు చెరపగలరు?

ఒక హెచ్చరిక. ఇంట్లో దెబ్బలు తింటున్న సహోదరిని నోరు మూసుకొని ఓర్చుకొమ్మని చెప్పుటకు ఈ మాటలను ఎవరూ వాడవద్దు. ఆ నిబంధనను ముందుగా అమ్ముకున్నవాడు చెయ్యి ఎత్తినవాడే. సంఘము ఆమె పక్షమున నిలబడి ఆమెను, బిడ్డలను కాపాడవలెను.

అకుల, ప్రిస్కిల్ల అను దంపతులను జ్ఞాపకము చేసుకొనండి (అపొ. కార్యములు 18). డేరాలు కుట్టారు, పౌలుకు తమ ఇంట చోటిచ్చారు, అపొల్లోకు మార్గమును మరింత పూర్తిగా వివరించారు. బైబిలు ఈ ఇద్దరి పేర్లను ఎప్పుడూ కలిపే చెబుతుంది. సంసారము వారి సేవను ఇరుకు చేయలేదు; ఆ ఇల్లే సంఘము కూడుకొనే చోటు అయింది (1 కొరింథీ 16:19).

మీ ఇంట్లో ఆ ముసుగు వీరుని బొమ్మ ఉన్న సంచి ఉంటే, ఈ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత పిల్లలకు ఈ కథ చెప్పండి. మీరైతే ఏమి చేసేవారని వారిని అడగండి. తరువాత, పిల్లలు నిద్రపోయాక, భార్యాభర్తలు ఒకరినొకరు మరొక ప్రశ్న అడగండి: ఏ మంచిపని పేరుతో మనము ఒకరికొకరము దూరమవుతున్నాము? సమాధానము వినుటకు కష్టమనిపించినా వినండి. ఆ మాటల మధ్య ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.