తలుపు సరిగా మూసుకోని లిఫ్టు కదలకూడదు

సుమారు నూరేళ్ల క్రితం కట్టిన వర్లీ బీడీడీ చాళ్లలో నేల అంతస్తు, దానిపై మూడు అంతస్తులు మాత్రమే ఉండేవి. అక్కడ నివసించిన కుటుంబాలకు మెట్లెక్కడం దినచర్యలో భాగం. అదే ప్రాంగణంలో నిర్మించిన 40 అంతస్తుల భవనాల్లోకి 2025లో నివాసుల ప్రవేశం మొదలైనది. ముంబయిలోని ఇతర పునరావాస భవనాల్లోనూ ఇటువంటి మార్పే కనిపిస్తున్నది. ఇంత ఎత్తైన ఇళ్లలో వృద్ధులకు, గర్భిణులకు, రోగులకు లిఫ్టే మెట్లదారి. కనుక దాని తలుపు ఎలా పనిచేస్తుందో ప్రతి కుటుంబమూ తెలుసుకోవడం అవసరం.

లిఫ్టుకు ఒక తలుపు కాదు, రెండు తలుపులు ఉంటాయి. ఒకటి క్యాబిన్‌తో పాటు ప్రయాణిస్తుంది. రెండవది ప్రతి అంతస్తులోనూ గోడకు బిగించి ఉంటుంది. తలుపులు వాటంతట అవే తెరుచుకునే లిఫ్టుల్లో మోటారు క్యాబిన్ తలుపుకే ఉంటుంది. క్యాబిన్ వచ్చి నిలిచాక ఆ తలుపే అంతస్తు తలుపును పట్టుకొని తెరుస్తుంది. క్యాబిన్ లేని సమయంలో అంతస్తు తలుపును ఒక ఉక్కు కొక్కెం బంధించి ఉంచుతుంది. ఏ కారణం చేతనైనా ఆ తలుపు తెరుచుకుంటే, దానికి అమర్చిన స్ప్రింగు లేదా బరువు దానిని తిరిగి మూసివేయాలి. ఈ ఏర్పాటు విఫలమైతే తలుపు వెనుక ఉండేది క్యాబిన్ కాదు, లోతైన గుంత.

కొక్కెంతో పాటు ప్రతి తలుపుకూ ఒక విద్యుత్ కాంటాక్టు ఉంటుంది. ఈ కాంటాక్టులన్నీ ఒకే వలయంలో వరుసగా కలిసి ఉంటాయి. ఇరవై అంతస్తుల్లో ఏ ఒక్క తలుపు సరిగా మూసుకోకపోయినా వలయం తెగిపోతుంది, లిఫ్టు ఆగిపోతుంది. లిఫ్టు మొరాయించిందని మనం విసుక్కుంటాము గాని, నిజానికి అది తన విధిని నిర్వర్తిస్తున్నది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. లిఫ్టు ఆగగానే ఫోన్లు మోగుతాయి. ఎలాగైనా నడిపించమని మెకానిక్‌ను నివాసులు ఒత్తిడి చేస్తారు. లోపం ఏ అంతస్తులో ఉందో వెతకడానికి సమయం పడుతుంది. ఒక చిన్న వైరుతో కాంటాక్టు రెండు కొసలనూ కలిపివేయడానికి ఒక నిమిషం చాలు. దీనినే జంపరు వేయడం అంటారు. అప్పటి నుండి తలుపు తెరిచి ఉన్నా కంట్రోలరుకు అది మూసి ఉన్నట్లే తెలుస్తుంది. లిఫ్టు నడుస్తుంది, అందరూ సంతోషిస్తారు, కాపలా మాత్రం తొలగిపోతుంది. ఆగిన లిఫ్టు మెట్లెక్కిస్తుంది. జంపరు వేసిన లిఫ్టు ప్రాణం తీయవచ్చు.

ఈ మోసాన్ని పసిగట్టే ఏర్పాటు ఆధునిక కంట్రోలర్లలో ఉన్నది. తలుపు తెరుచుకున్నప్పుడు కాంటాక్టు కూడా తెగాలి. తలుపు తెరిచి ఉన్నా వలయం తెగలేదంటే, ఎక్కడో వైరు కలిపారని గ్రహించి కంట్రోలరు లిఫ్టును ఆపివేస్తుంది. 2022లో వెలువడిన భారతీయ ప్రమాణం ఐఎస్ 17900 ఆధునిక లిఫ్టుల భద్రతా నియమాలను నిర్దేశిస్తున్నది. కొత్త లిఫ్టు కొనేటప్పుడు, పాత కంట్రోలరు మార్చేటప్పుడు ఈ పర్యవేక్షణ ఉన్నదా అని సొసైటీలు లిఖితపూర్వకంగా అడగాలి. తలుపు మూసుకోవడానికి పట్టే సమయం, ఎన్నిసార్లు వెనక్కు తెరుచుకున్నది, ఏ అంతస్తులో లోపం వచ్చింది అనే వివరాలను నమోదు చేసే కంట్రోలర్లూ ఉన్నాయి. ఆ నమోదు చూస్తే మెకానిక్ అంతస్తులన్నీ వెతకనక్కరలేదు. జంపరు వేయాలన్న తొందరకు విరుగుడు ఇదే: లోపాన్ని త్వరగా కనుగొనగలిగితే దొంగదారి అవసరపడదు.

తలుపు అంచున ఉండే అదృశ్య కిరణాల తెర మరొక రక్షణ. ఎవరైనా అడ్డు వస్తే తలుపు వెనక్కు తెరుచుకుంటుంది. అయితే చీర కొంగు, కుక్క మెడతాడు వంటి సన్నని వస్తువులను అది గుర్తించకపోవచ్చు. గుంతలో పడకుండా అది ఆపలేదు. మడతల ఇనుప గేట్లున్న పాత లిఫ్టుల్లో ఈ తెర ఉండదు, సందుల్లో పిల్లల చేతులు ఇరుక్కునే ప్రమాదమూ ఉన్నది. వాటి స్థానంలో సందులు లేని తలుపులు అమర్చుకోవడం మేలు.

నిర్వహణను సులభం చేయడంలో నివాసుల పాత్ర పెద్దది. తలుపు జారే గడప గాడిలో మట్టి, రాళ్లు, పూజాపుష్పాలు చేరితే తలుపు పూర్తిగా మూసుకోదు. గాడిని రోజూ తుడిపించండి, నీళ్లు పోయకండి. సామాను ఎక్కించేటప్పుడు తలుపును కాలితోనో బల్లతోనో అడ్డుకోకండి. నెలకొక రోజు, ముందుగా ప్రకటించిన వేళలో, లిఫ్టును నిర్వహణకు అప్పగించండి. ప్రతి మరమ్మతునూ తేదీ, అంతస్తు, మార్చిన భాగం పేరుతో ఒక పుస్తకంలో రాయించండి. అంతస్తు తలుపులను బయటి నుండి తెరిచే మూడు మూలల తాళంచెవి శిక్షణ లేనివారి చేతికి ఇవ్వకండి.

మహారాష్ట్రలో లిఫ్టులకు 1939 నాటి బొంబాయి చట్టం స్థానంలో 2017 చట్టం వచ్చింది. లైసెన్సు ఇచ్చేది నగరపాలక సంస్థ కాదు, రాష్ట్ర ప్రభుత్వ తనిఖీ విభాగం. మరాఠీ పత్రాల్లో లిఫ్టును ‘ఉద్వాహన్’ అంటారు. తెలుగులో ఉద్వాహం అంటే పెండ్లి గనుక ఆ కాగితాన్ని పెండ్లిపత్రికగా భావించి పక్కన పెట్టవద్దు. ‘పర్వానా’ అంటే లైసెన్సు, ‘దురుస్తీ’ అంటే మరమ్మతు. లిఫ్టు వద్ద ‘దురుస్తీసాఠీ బంద్’ అని రాసి ఉంటే మరమ్మతు కోసం ఆపారని అర్థం.

లోపల చిక్కుకుంటే తలుపును బలవంతంగా తెరవకండి, సందులోనుండి దూకకండి. అలారం నొక్కి వేచి ఉండండి. అగ్నిమాపక దళం 101కు గాని, నగరపాలక సంస్థ విపత్తు సహాయ కేంద్రం 1916కు గాని ఫోను చేయవచ్చు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఎదుట క్యాబిన్ ఉన్నదని కంటితో చూసిన తరువాతే అడుగు వేయండి. పిల్లలకూ ఇదే నేర్పండి.