రాతిలోని పువ్వు: శిలాజములైన సముద్రపు అర్చినుల వర్గీకరణము

కొన్ని సంవత్సరముల క్రిందట మా విద్యార్థి యొకడు అరియలూరునందలి బంధువుల యింటికి పోయి, తిరిగి వచ్చునప్పుడు నిమ్మకాయంత రాయి నొకదానిని తెచ్చి మా బల్లపై నుంచెను. దానిమీద ఐదు రేకుల పువ్వు చెక్కినట్లు కనబడుచుండెను. మేము "రాయిగా మారిన పువ్వు" అని చీటీ వ్రాసి బీరువాలో పెట్టించితిమి. ఆ చీటీ తప్పని చాలకాలమునకు గాని మాకు తెలియలేదు. అట్టి తప్పు మా విద్యార్థులు చేయకుండుటకే యీ వ్యాసము.

అది పువ్వు కాదు. సముద్రపు అర్చిన్ అను ప్రాణి యొక్క కవచము. నక్షత్రచేపకు బంధువైన యీ జీవికి బ్రదికియున్నప్పుడు ఒడలెల్ల ముండ్లుండును. చచ్చిన పిమ్మట ముండ్లు రాలిపోయి, సున్నపు పలకలతో కూర్చిన కవచము మిగులును. ఒక్కొక్క పలక ఒక్కొక్క కాల్సైట్ స్ఫటికము. కావున విరిగినచోట నునుపైన తలములు తళతళలాడును.

అరియలూరు ప్రాంతము సుమారు 7 కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రములో నుండెను. దక్షిణదేశపు ఈ శిలాజములను ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1846లోను, భారత భూగర్భ పరిశీలన శాఖకు చెందిన ఫెర్డినాండ్ స్టోలిచ్కా 1873లోను వర్ణించిరి.

వర్గీకరించువారు పైరూపమును మాత్రమే చూచి మోసపోరాదు. రాతిని చేతబట్టి మూడు ప్రశ్నలు వరుసగా వేసికొనవలెను.

మొదటిది: మలద్వారమెచ్చట నున్నది? నోరు అడుగువైపున నుండును. మలద్వారము నడినెత్తిన, నోటికి సరిగా పైన నున్నచో అది సమరూప అర్చిన్. సిడారిస్ ఇట్టిది. దానికి ముందు వెనుకలు పైకి కనబడవు. మలద్వారము నడినెత్తిని విడిచి ఒక ప్రక్కకు జరిగినచో అది విషమరూపము. ఆ ప్రక్కయే దానికి వెనుకభాగము. విషమరూపములు జురాసిక్ యుగపు తొలిదినములలో పుట్టినవి. ఇవన్నియు ఒకే వంశమువని నేటి శాస్త్రజ్ఞుల మతము. సమరూపములన్న పేరు మాత్రము సౌకర్యమునకే గాని, ఒకే వంశమును తెలుపదు.

రెండవది: రేకులున్నవా? కవచమునందలి సన్నని రంధ్రముల వరుసలనుండి నాళపాదములు వెలువడును. విషమరూపములు పెక్కింటిలో నెత్తిమీది వరుసలు విచ్చుకొని ఐదు రేకులగును. శ్వాసక్రియకు తోడ్పడు నాళపాదములు అచ్చటనే యుండును. మేము పువ్వనుకొన్నది దీనినే!

మూడవది: నోరెట్టిది? సమరూపములకు "అరిస్టాటిల్ లాంతరు" అనబడు ఐదు పండ్ల యంత్రము కలదు. హృదయాకారపు అర్చినులకు అది లేదు. వాని నోరు ముందునకు జరిగియుండును. కాసిడ్యులాయిడ్ వర్గమున నోటిచుట్టును మరియొక చిన్న పువ్వువంటి అమరిక యుండును.

ఈ ప్రశ్నలతో మా రాతిని మరల పరీక్షించితిమి. మలద్వారము వెనుక; నెత్తిన రేకులు; నోటిచుట్టు చిన్న పువ్వు. అది కాసిడ్యులాయిడ్ వర్గమునకు చెందినదని నిశ్చయించి చీటీని మార్చితిమి. అరియలూరునుండి వర్ణింపబడిన స్టిగ్మటోపైగస్ కూడ ఈ వర్గములోనిదే.

అయినను ఆ చీటీలో ఒక గీత నేటికిని ఖాళీగా నున్నది. రాయి ఏ గనిలో, ఏ పొరలో దొరికినదో ఆనాడు మేమడుగలేదు. బాలుడు చదువు ముగించి వెళ్ళిపోయెను. పేరు ఎన్నడైనను దిద్దుకొనవచ్చును. వ్రాసికొనని స్థలము తిరిగి రాదు. కావున విద్యార్థులారా, రాతిని జేబులో వేసికొనుటకు ముందే చోటు వ్రాసికొనుడు.