ద్రాక్ష తియ్యనే, జామపండూ తియ్యనే

సంక్రాంతికి ఊరెళ్దామని రెండు నెలల ముందే టికెట్టు తీసుకున్న కుటుంబం ఒకటి ఉందనుకుందాం. చార్టు వేశాక చూస్తే వెయిటింగ్ లిస్టు ఒకటి దగ్గర ఆగిపోయింది. ఆ సాయంత్రం అరిసెలు తెప్పించుకుని, "పోనీలే, మూడు రోజులు తీరిగ్గా ఉండొచ్చు" అనుకుంటే, వినేవాళ్లు వెంటనే అనేమాట "అందని ద్రాక్ష పుల్లన" అని. ఆ సామెతను ఇక్కడ వాడటం అన్యాయం. ఆ సామెత కథలో నక్క తనను తాను ఓదార్చుకోవడం తప్పు కాదు. ద్రాక్ష రుచి గురించి అబద్ధమాడటం తప్పు. "ద్రాక్ష తియ్యగానే ఉంటుంది, నాకు అందలేదు. పక్కతోటలో జామపండు అందింది, ఇదీ బాగుంది" అని ఉంటే ఆ నక్కను వేలెత్తి చూపడానికి ఏముంది? పోయినదాన్ని తక్కువ చేయకుండా చేతిలో ఉన్నదాన్ని గుర్తించడమే ఊరట.

అసలు నిరాశ ఎక్కడ పుడుతుందో చూస్తే ఈ తేడా తెలుస్తుంది. వోల్ఫ్రమ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1990ల్లో కోతుల మెదడులో డోపమైన్ కణాలను గమనించారు. దీపం వెలుగుతుంది, కాసేపటికి నోట్లో పళ్లరసం చుక్క పడుతుంది. మొదట్లో ఆ కణాలు రసం పడ్డప్పుడు చురుగ్గా స్పందించాయి. అలవాటయ్యాక దీపం వెలగగానే స్పందించి, రసం పడ్డప్పుడు మామూలుగా ఉండిపోయాయి. దీపం వెలిగించి రసం ఇవ్వకపోతే, సరిగ్గా అది రావలసిన క్షణానికి వాటి చురుకు మామూలు స్థాయి కంటే కిందికి పడిపోయింది. కోతి దగ్గరున్నదేదీ ఎవరూ లాక్కోలేదు. తగ్గింది లెక్కలో మాత్రమే. మెదడు కొలిచేది రసాన్ని కాదు, అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న ఎడాన్ని. ఎవరూ ఎదురుచూడని జామపండుకు విలువ వచ్చేదీ ఇందుకే. దానిమీద ముందస్తు ఆశ లేదు కాబట్టి అది ఎంత చిన్నదైనా లెక్కలో మిగులే.

వెయిటింగ్ లిస్టు నూట యాభై కంటే ఒకటి దగ్గర ఆగిపోతే ఎక్కువ బాధ ఎందుకో డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1982లో చూపించారు. విమానం అరగంట తేడాతో తప్పినవాడికంటే ఐదు నిమిషాల తేడాతో తప్పినవాడే ఎక్కువ బాధపడతాడని, అడిగినవాళ్లలో దాదాపు అందరూ చెప్పారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ దృశ్యాలను పరిశీలించిన మనస్తత్వవేత్తలకు రజతం గెలిచినవాళ్లకంటే కాంస్యం గెలిచినవాళ్ల ముఖాల్లో ఎక్కువ సంతోషం కనిపించింది. బ్యాడ్మింటన్ అభిమానులకు ఇది సులువుగా అర్థమవుతుంది. పి.వి. సింధు రియోలో రజతం అందుకున్నది ఫైనల్ ఓడి, టోక్యోలో కాంస్యం అందుకున్నది చివరి మ్యాచ్ గెలిచి.

ఊరట దానంతటదే రాదా అంటే, తలుపు పూర్తిగా మూసుకున్నాకే వస్తుంది. డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు తాము తీసిన రెండు ఫొటోల్లో ఒకటి ఉంచుకోవాలి. తర్వాత మార్చుకునే వీలున్నవాళ్ల కంటే, ఆ వీలు లేనివాళ్లకే తమ ఫొటో ఎక్కువ నచ్చింది. అందుకే రద్దయిన టికెట్టు కోసం గంటకోసారి ఫోను చూస్తున్నంతసేపు జామపండు రుచి తెలియదు.

ఇలా సర్దుకుపోతే అన్యాయాన్నీ భరించడం అలవాటవుతుందని కొందరు అంటారు. రావలసిన డబ్బు అడిగి తీసుకోవలసిందే. అది వేరే పని, ఊరట దానికి అడ్డురాదు. ఆప్తులు పోయిన దుఃఖానికి కూడా ఈ మాటలు వర్తించవు. "అంతా మన మంచికే, వెళ్లుంటే ఏ ప్రమాదమో జరిగేది, పిల్లి ఎదురొచ్చింది కదా" అనడం మాత్రం ఊరట కానే కాదు. జరగని ప్రమాదాన్ని కల్పించుకుని ద్రాక్షలో విషముందని చెప్పుకోవడం అది. నక్క పాత అబద్ధమే.

జామపండు ద్రాక్షకు సాటి కాదన్నది నిజం. కానీ ద్రాక్ష మొత్తం పోలేదు. నెదర్లాండ్స్‌లో పదిహేను వందలకు పైగా మంది మీద చేసి 2010లో ప్రచురించిన పరిశీలనలో, సెలవు ప్రయాణానికి సిద్ధమవుతున్నవాళ్లు ప్రయాణం లేనివాళ్లకంటే బయలుదేరకముందే సంతోషంగా కనిపించారు. తిరిగొచ్చాక చాలామందిలో ఆ తేడా లేదు. బట్టలు సర్దుతూ, ఊళ్లో ఎవరెవరిని కలవాలో చెప్పుకుంటూ గడిపిన ఆ రెండు నెలల సంబరాన్ని చార్టు వెనక్కి తీసుకోలేదు.