పొయ్యిలో కాళ్ళు పెట్టిన దెయ్యం

కట్టెలకు బదులు తన రెండు కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట వండే దెయ్యం! 1978లో వచ్చిన ‘జగన్మోహిని’ కథ మరిచిపోయినవాళ్ళు కూడా ఆ ఒక్క దృశ్యాన్ని మరవలేదు. గద్వాల నడిగడ్డ పల్లెల్లో డేరా కింద, నేల మీద కూర్చుని సినిమా చూసిన తరానికి భయమూ అదే, సంబరమూ అదే.

తీసినవారు ‘జానపద బ్రహ్మ’ బి. విఠలాచార్య. 1920లో ఉడుపి దగ్గరి ఉద్యావరలో పుట్టారు. చదివింది మూడో తరగతి. చిన్నప్పుడే ఇల్లు విడిచి అరసికెరె చేరారు, అక్కడ హోటల్ నడిపారు, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళారు. బయటికి వచ్చాక స్నేహితులతో కలిసి హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీసు పెట్టారు. ఒక్క డేరా నాలుగయ్యింది. వచ్చిన ప్రతి సినిమానూ తానే కూర్చుని చూసేవారు. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద విశేషం ఇదే. ఆయన సినిమా నేర్చుకున్నది స్టూడియోలో కాదు, నేల టికెట్టు జనం మధ్యలో. ఎక్కడ ఈల పడుతుందో, ఎక్కడ పిల్లలు తల్లి కొంగు పట్టుకుంటారో ఆయనకు ముందే తెలుసు.

తర్వాత తానే దర్శకుడై కన్నడ, తెలుగు, తమిళాల్లో తీసిన సినిమాలు సుమారు 70. ఒక్క 1970లోనే ఎన్టీఆర్‌తో మూడు విడుదలయ్యాయి: ‘లక్ష్మీ కటాక్షం’, ‘ఆలీబాబా 40 దొంగలు’, ‘విజయం మనదే’. అంతకు ముందు ‘గురువును మించిన శిష్యుడు’, ‘జ్వాలాద్వీప రహస్యం’ కాంతారావును పల్లెపల్లెకూ రాకుమారుడిగా చేర్చాయి.

పొదుపులో ఆయనది అందెవేసిన చెయ్యి. ఒక సెట్టు వేస్తే దాన్నే అటూ ఇటూ మార్చి మరో కోట చేసేవారు. కాల్షీట్ల దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి కథలో చిలకగానో మేకగానో మార్చి, షూటింగు ఆగకుండా కానిచ్చేవారని సినిమావాళ్ళు నేటికీ చెప్పుకుంటారు. మాయలకు కంప్యూటరు లేదు. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్ళీ తిప్పితే మాయం. ఒకే ఫిల్ముపై రెండుసార్లు తీస్తే గోడలోంచి నడిచొచ్చే ఆత్మ. 1890ల్లోనే ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ పట్టిన కిటుకులివి. ఇలాంటి పొదుపు వేరేచోట్లా ఉంది. అమెరికాలో దర్శకుడు రోజర్ కోర్మన్ 1960లో విడుదలైన ‘లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ ప్రధాన చిత్రీకరణను పాత సెట్టులో రెండు రోజుల్లో ముగించాడు. హిందీలో రామ్సే సోదరులు 1972లో ‘దో గజ్ జమీన్ కే నీచే’తో మొదలుపెట్టి చవక భయానక చిత్రాలకు పేరుపడ్డారు. అప్పటికే మన ఆచార్యగారి మాయలు ఊరూరా తిరుగుతున్నాయి.

విఠలాచార్య సినిమాలు గద్వాల చుట్టుపక్కల అంత దగ్గరగా అనిపించడానికి ఇంకో కారణం ఉందనుకుంటాను. గద్వాలలో సోమనాద్రి కట్టించిన కోట, కొల్లాపూర్‌లో సురభి వారి రాజభవనం, 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తున్న వనపర్తి రాజమహలు. బురుజులూ సింహద్వారాలూ ఇక్కడివాళ్ళకు కథల్లోని సంగతులు కావు, సంతకు పోయే దారిలో కనిపించేవి. తెర మీద అట్టకోటను చూడగానే అది మన ఊరిదే అనిపించేది. రాత్రి ఆట విడిచాక ఆ పాడుబడ్డ బురుజు పక్కనుంచే చీకట్లో ఇంటికి నడవాలి మరి.

1999 మే 28న విఠలాచార్య కన్నుమూశారు. పదేళ్ళకు, 2009లో, ‘జగన్మోహిని’ని తమిళంలో నమితతో మళ్ళీ తీశారు.