పంతుళ్లకూ ఉంది ఒక పాఠం – ఆరు నిమిషాలు

అరక పట్టడం కొత్తగా నేర్చుకునే కుర్రవాడికి తొలిరోజే పదెకరాల చేను అప్పగించి దున్నమని ఏ రైతూ అనడు. గట్టు పక్కన నాలుగు చాళ్లు తోలిస్తాడు. చాలు వంకర పోతే చూపించి, మళ్లీ తోలిస్తాడు. చదువు చెప్పే పంతుళ్ల తయారీలోనూ ఇలాంటి పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు సూక్ష్మబోధన. ఉపాధ్యాయ శిక్షణ పొందే యువతీ యువకులు బడిలో పాఠం చెప్పబోయే ముందు చేయవలసిన సాధన ఇది.

బడిలో మామూలు పాఠం ముప్పావు గంట. ఎదుట ముప్పై, నలభై మంది పిల్లలు. కొత్త పంతులు పాఠం చెప్పాలి, ప్రశ్నలు వేయాలి, బోర్డు మీద రాయాలి, వెనుక వరుసలో అల్లరిని కనిపెట్టాలి. ఇన్ని పనుల్లో ఎక్కడ తడబడ్డాడో అతనికే తెలియదు. నష్టం మాత్రం పిల్లలకు.

సూక్ష్మబోధనలో అన్నీ తగ్గిస్తారు. పాఠం ఆరు నిమిషాలు. వినేవారు అయిదు నుంచి పది మంది. సాధన చేసేది ఒక్క నేర్పు. అది ప్రశ్నించడం కావచ్చు, ఉదాహరణలు చెప్పడం కావచ్చు, నల్లబల్ల మీద రాయడం కావచ్చు.

అమెరికా నుంచి అలహాబాదుకు

అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో 1963 ప్రాంతంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు ఈ పద్ధతిని రూపొందించారు. మన దేశంలో 1967లో అలహాబాదులో డి.డి. తివారి దీనిని మొదలుపెట్టారు. 1970లలో ఎన్.సి.ఇ.ఆర్.టి., బరోడా విశ్వవిద్యాలయం కలిసి మన కళాశాలలకు అనువుగా మలిచాయి. వీడియో యంత్రాలు లేకపోయినా సాగేలా, తోటి శిక్షణార్థులనే పిల్లలుగా కూర్చోబెట్టే ఏర్పాటు చేశారు.

ఈ సాధన ఒక విడతకు 36 నిమిషాలు పడుతుంది. ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు మంచిచెడ్డల చర్చ, పన్నెండు నిమిషాలు పాఠం సరిదిద్దుకోవడం, ఆరు నిమిషాలు మళ్లీ చెప్పడం, చివరి ఆరు నిమిషాలు మళ్లీ చర్చ.

పంచె చెప్పిన పాఠం

ఉదాహరణకు, నీరు ఆవిరి కావడం గురించి ఒక అమ్మాయి పాఠం చెబుతోందనుకుందాం. సాధన చేస్తున్నది ప్రశ్నించే నేర్పు. "ఎండకు నీరు ఆవిరవుతుంది కదా?" అంటుంది. అందరూ "అవునండీ" అంటారు. ఆమె వేసిన ప్రశ్నలెన్ని, వాటిలో "అవును" అంటే సరిపోయేవెన్ని అని పరిశీలకులు కాగితం మీద గీతలు పెడతారు. పాఠం అయ్యాక ఆ గీతలే ఆమె ముందుంచుతారు.

రెండోసారి ఆమె ప్రశ్నలు మారతాయి. "పొద్దున ఆరేసిన పంచె మధ్యాహ్నానికి ఆరింది. ముసురు రోజున ఎందుకు ఆరలేదు? ఉండగా చుట్టి పడేస్తే ఏమవుతుంది? గాలి వీస్తుంటే?" ఇప్పుడు ఊరికే తల ఊపితే కుదరదు. ఆలోచించి నోరు విప్పాలి.

ఇలా ఒక్కో నేర్పూ పట్టుబడ్డాక వాటిని కలిపి ఇరవై నిమిషాల పాఠం చెప్పిస్తారు. తరువాతే అసలు తరగతి.

చాలనిది ఏమిటి?

అయితే పిల్లలుగా కూర్చున్న మిత్రులకు జవాబులు ముందే తెలుసు. పల్లె బడి అలా ఉండదు. బిడియంతో పెదవి విప్పని పిల్ల ఉంటుంది. ఇంట్లో లంబాడీయో, కోయ భాషో మాట్లాడుతూ బడిలో తెలుగు వినే పిల్లవాడు ఉంటాడు. ఒకే పంతులు రెండు మూడు తరగతులను పక్కపక్కన కూర్చోబెట్టి చెప్పే బడులున్నాయి. వీటికి ఆరుగురు మిత్రుల ముందు చేసిన సాధన ఒక్కటే చాలదు. ఆ సాధనైనా చేయకుండా రికార్డు పుస్తకం నింపి సంతకం పెట్టించుకుంటే అసలుకే మోసం.

ఖర్చు పెద్దగా లేని పని ఇది. ఒకప్పుడు అమెరికాలో వీడియో యంత్రంతో చేసినది ఇప్పుడు చేతిలోని సెల్‌ఫోనుతో చేయవచ్చు. తన పాఠం తానే చూసుకుంటే తన తప్పు తనకే తెలుస్తుంది.

ఊరి బడికి శిక్షణార్థులు బోధనాభ్యాసానికి వచ్చినప్పుడు తల్లిదండ్రులకూ ఒక పని ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చిన బిడ్డను "ఏం చెప్పారు?" అని అడిగి ఊరుకోకుండా, "నిన్నేమి అడిగారు? నువ్వేం చెప్పావు?" అని కూడా అడగాలి. ఆ జవాబులోనే పంతులు ఎంత సాధన చేసి వచ్చాడో కొంత తెలిసిపోతుంది.